వీసా పెట్టిన ఆషాఢం

కొండపల్లి బొమ్మల కాలనీలో దుకాణాల ముందు నడుస్తుంటే ఒక బొమ్మ తప్పకుండా కంటపడుతుంది. పల్లకి! మోసే బోయీలు, లోపల పక్కపక్కనే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. తెల్లపొణికి కర్రతో ఒక్కో భాగాన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి ఆరాక రంగులద్దుతారు. సంక్రాంతి కొలువులో ఆ పల్లకి లేకపోతే ఏదో వెలితి. అందులో ఇద్దరూ ఎప్పుడూ కలిసే వెళతారు.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగే చాలా పెళ్లిళ్లు అలా లేవు. అబ్బాయికి దొరికిన సెలవు మూడు వారాలు. అందులోనే పెళ్లిచూపులు, నిశ్చితార్థం, ముహూర్తం, రిసెప్షన్. పదహారు రోజుల పండగ నాటికి అబ్బాయి విమానంలో ఉంటాడు. అమ్మాయి మెడలో పసుపుతాడుతో, చేతిలో ఫోనుతో పుట్టింట్లో ఉంటుంది. ‘ఎప్పుడమ్మా ప్రయాణం?’ అని ఇరుగుపొరుగు అడుగుతుంటారు. మొదటి నెల నవ్వుతుంది. ఆరో నెలకు ఆ ప్రశ్న వినపడకుండా గుడికెళ్లే వేళ మార్చుకుంటుంది.

కొత్త దంపతులను ఆషాఢమాసంలో విడిగా ఉంచడం మన ఆచారం. ఆ ఒక్క నెలకే ఎంత బెంగ! శ్రావణం ఎప్పుడొస్తుందా అని క్యాలెండరు చూసుకుంటారు. కానీ వీసా పెట్టే ఆషాఢానికి పంచాంగంలో లెక్క లేదు. అది కొందరికి మూడు నెలలు, కొందరికి మూడేళ్లు. ఈ తేడాకి అదృష్టాన్ని తిట్టుకుంటారు గానీ, చాలా ఇళ్లలో అసలు కారణం ఒకటే... పెళ్లి నాటికి అబ్బాయి చేతిలో ఏ కార్డు ఉందన్నది ఎవరూ సరిగ్గా అడగకపోవడం.

తాళి ముందా... కార్డు ముందా?

‘అబ్బాయి అమెరికాలో సెటిలయ్యాడు’ అంటే పెద్దలకు ఒకటే అర్థం. అమెరికా చట్టానికి మాత్రం అందులో మూడు అర్థాలున్నాయి.

మొదటిది, హెచ్‌1బి వీసా మీద ఉద్యోగం. ఇలాంటి అబ్బాయిని చేసుకున్న అమ్మాయి హెచ్‌4 వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఏటా ఇన్నే ఇవ్వాలన్న పరిమితి లేదు. రెండోది, అమెరికా పౌరసత్వం. పౌరుడి భార్యకు వలస వీసా కోసం ఏళ్ల తరబడి క్యూ ఉండదు. కాగితాలు పరిశీలించడానికి పట్టే కాలమే ఎదురుచూపు. మూడోది, ఈ రెంటికీ మధ్యలో ఉన్న గ్రీన్‌కార్డు. చిక్కంతా ఇక్కడే ఉంది.

గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు ‘ఎఫ్‌2ఎ’ అనే కోటాలోకి వస్తారు. ఏడాదికి దాదాపు 88 వేల వీసాలు. ప్రపంచం మొత్తానికీ అంతే. దరఖాస్తులు అంతకంటే ఎక్కువైతే వరసలో నిలబడాల్సిందే. తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు భార్యను ముందుగా తీసుకెళ్తుంటే, శాశ్వత నివాసం దొరికినవాడు నిరీక్షించాలి! పైగా గ్రీన్‌కార్డు రాగానే అబ్బాయి హెచ్‌1బి హోదా పోతుంది. దాంతోపాటే భార్యకు హెచ్‌4 అడిగే దారీ మూసుకుపోతుంది. పోనీ సందర్శకుల వీసా మీద వెళ్లి ఉందామంటే, వలస దరఖాస్తు నడుస్తున్న మనిషి తిరిగి వస్తుందని అధికారిని నమ్మించడం మహా కష్టం.

మరి దీనికి విరుగుడు లేదా? ఉంది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు పొందిన అబ్బాయికి ఆ కార్డు మంజూరయ్యే నాటికే పెళ్లయి ఉంటే, భార్య అతని కోటాలోనే వెనకాల వెళ్లి చేరవచ్చు. ఎఫ్‌2ఎ వరస అక్కర్లేదు. పెళ్లి ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు లేదు. కార్డు మంజూరు సోమవారం, ముహూర్తం మంగళవారం అయితే దారే మారిపోతుంది. అందుకే అమెరికా తెలుగువాళ్లలో ‘కార్డు రాకముందే పెళ్లి చేసుకో’ అన్న మాట సామెతలా తిరుగుతుంటుంది. ముహూర్తం పెట్టే పంతులుగారికి ఈ సంగతి తెలియదు. చెప్పాల్సింది అబ్బాయే.

తగ్గుతూ పెరుగుతూ...

ఈ వరస ఎప్పుడూ ఒకేలా లేదు. 2000 నాటికి గ్రీన్‌కార్డుదారుల కుటుంబాల ఎదురుచూపు ఎంతగా పెరిగిందంటే, అమెరికా కాంగ్రెస్ ఆ ఏడాది డిసెంబరులో ప్రత్యేకంగా ‘వి’ వీసాను సృష్టించింది. మూడేళ్లకు పైగా ఎదురుచూస్తున్న భార్యాపిల్లలు అమెరికా వచ్చి, అక్కడే మిగతా వరస పూర్తి చేసుకోవచ్చన్నది దాని ఉద్దేశం. అయితే ఆ 2000 డిసెంబరు 21 నాటికే దరఖాస్తు పెట్టినవారికే అది వర్తించింది. తర్వాత పెళ్లిళ్లు చేసుకున్నవారికి మళ్లీ పాత కథే.

2019 జులైలో ఒక మంచి మలుపు. ఎఫ్‌2ఎ వరస పూర్తిగా కరిగిపోయి, వచ్చినవారికి వచ్చినట్టే అవకాశం దొరికింది. సంతోషించేలోపు కొవిడ్ వచ్చిపడింది. 2020 మార్చిలో కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేశాయి. ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్ష ప్రకటన చాలా రకాల వలస వీసాలను నిలిపేసింది. పౌరుల భార్యలకు అందులో మినహాయింపు దొరికింది గానీ, గ్రీన్‌కార్డుదారుల భార్యలకు దొరకలేదు. జూన్‌లో హెచ్‌1బి, హెచ్‌4లనూ ఆపారు. పెళ్లికో, అమ్మానాన్నలను చూసుకోవడానికో ఇండియా వచ్చి ఇక్కడే చిక్కుకుపోయినవాళ్లు ఎందరో. వలస వీసాల నిషేధాన్ని 2021 ఫిబ్రవరి 24న ఎత్తేశారు. 2023 ఏప్రిల్‌లో ఎఫ్‌2ఎకు మళ్లీ తేదీల గీత పడింది. ఆ గీత ఎక్కడుందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ‘వీసా బులెటిన్’లో ప్రకటిస్తుంది. మన ఇళ్లలో పంచాంగం తర్వాత అంత శ్రద్ధగా చదివే పత్రం అదే!

శేషగిరమ్మ ఎదురుచూపు

ఈ ఎడబాటు మనకు కొత్తది కాదు. తెలుగునాట అందరికీ తెలిసిన ఒక పేరు వెనక ఇదే కథ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ వెళ్లారు. చదువుకు సాయం చేసింది మామగారే. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన మగబిడ్డ తండ్రి ఒడి చేరకుండానే పసితనంలో పోయాడు. సుబ్బారావు 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు, ఆమె అక్కడికి వెళ్లలేదు.

దానికి ఆయన పరిశోధనలు, అప్పులు, ఇంకా ఎన్నో కారణాలు ఉండొచ్చు. కానీ ఆ రోజుల అమెరికా చట్టాలు కూడా గుర్తుచేసుకోవాలి. 1917 నాటి చట్టం భారతదేశాన్ని వలసలకు నిషిద్ధ ప్రాంతంలో చేర్చింది. 1924 చట్టం తలుపును ఇంకాస్త బిగించింది. 1946లో దాన్ని కొద్దిగా తీసి, భారతీయులకు ఏడాదికి వందమంది కోటా ఇచ్చారు. 1965 చట్టంతో గానీ కుటుంబాల కలయికకు సరైన దారి పడలేదు. ఆ తర్వాతే మన డాక్టర్లు, ఇంజినీర్లు భార్యాబిడ్డలతో వెళ్లి స్థిరపడ్డారు. 1977 నాటికి ‘తానా’ పుట్టేంత మంది అయ్యారు. ఇవాళ విసుక్కుంటూ నింపే ఈ ఫారాలు ఒకప్పుడు అడగడానికి కూడా లేనివి.

జీలకర్ర–బెల్లం ఫొటో ఉందా?

మన పెళ్లికి సాక్షులు అగ్నిహోత్రం, అరుంధతి, ఐదొందల మంది బంధువులు. కాన్సులేటుకు కావలసింది కాగితం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదైన వివాహ ధ్రువపత్రం లేకుండా అడుగు ముందుకు పడదు. మన రాష్ట్రంలో 2002 నుంచే పెళ్లి నమోదు తప్పనిసరి అనే చట్టం ఉంది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా అన్ని పెళ్లిళ్లూ నమోదు చేయాలని చెప్పింది. అయినా ‘వీసా అప్పుడు చూసుకుందాంలే’ అనుకునేవాళ్లే ఎక్కువ. అబ్బాయి విమానం ఎక్కాక గానీ గుర్తుకురాదు. సంతకం పెట్టాల్సిన మనిషి సముద్రాల అవతల ఉంటాడు! పెళ్లి మర్నాడో, ఆ మర్నాడో ఇద్దరూ వెళ్లి ఆ పని పూర్తి చేసుకుంటే ఎన్నో నెలలు కలిసొస్తాయి.

ధ్రువపత్రం ఒక్కటే చాలదు. ఇది నిజమైన కాపురమేనా, కార్డు కోసం ఆడిన నాటకమా అన్నది అధికారి తేల్చుకోవాలి. అందుకే శుభలేఖ, జీలకర్ర–బెల్లం వేళ తీసిన ఫొటోలు, రెండువైపుల పెద్దలూ కనిపించే ఫొటోలు, అబ్బాయి వచ్చివెళ్లిన టికెట్లు, ఫోను మాటల వివరాలు, డబ్బు పంపిన రసీదులు... అన్నీ పనికొస్తాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని చెప్పడానికి సిగ్గుపడాల్సింది లేదు. ఎలా కుదిరిందో ఉన్నదున్నట్టు చెబితే చాలు. లేని ప్రేమకథ అల్లడం, దాచకూడనిది దాచడం మాత్రం ప్రమాదం. అబద్ధం బయటపడితే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

పేరు తెచ్చే తంటా

తెలుగువాళ్లకే ప్రత్యేకమైన తంటా ఇంకోటి ఉంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలోకి చేరి, ఇంటిపేరు గడి ఖాళీగా మిగిలిపోతుంది. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు చోటికి వెళ్లి, సొంత పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యు’ అని పడుతుంది. అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని! అక్కడికి వెళ్లాక బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్సు దగ్గరా ఈ మూడక్షరాల పేరుతో పిలిపించుకోవాల్సి వస్తుంది. అందుకే వీసాకు ముందే పాస్‌పోర్టు సరిచేసుకోవడం మంచిది.

పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మార్చాలా? అమెరికా వీసాకు అవసరం లేదు. పుట్టింటి పేరుతోనే వెళ్లవచ్చు. మార్చాలనుకుంటే దరఖాస్తుకు ముందే మార్చుకోవాలి. సగంలో మారిస్తే ఒక కాగితం ఒకలా, మరొకటి ఇంకోలా తయారవుతుంది.

ఇక జనన ధ్రువపత్రం. చాలామందికి ఆసుపత్రిలో పుట్టినప్పుడు పేరు గడి ఖాళీగానే నమోదై ఉంటుంది. బారసాల తర్వాత వెళ్లి రాయించాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. ఇంట్లో పుట్టినవారికి ఆ నమోదే ఉండదు. అలాంటివారు సంబంధిత కార్యాలయం నుంచి ‘లభ్యం కాదు’ అన్న పత్రం తీసుకుని, పదో తరగతి సర్టిఫికెట్టులాంటి ఆధారాలు జతచేయాల్సి ఉంటుంది.

కృష్ణ ఒడ్డు నుంచి ముంబయి దాకా

పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా భార్య కోసం అబ్బాయి మొదట నింపేది ఐ–130 అనే దరఖాస్తు. అమెరికా వలస సేవల శాఖ దాన్ని ఆమోదించాక ఫైలు న్యూహాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. అక్కడ ఫీజులు కట్టి, అమ్మాయి డీఎస్–260 ఫారం నింపి, పత్రాలన్నీ అప్‌లోడ్ చేయాలి. భార్యను పోషించగలనని అబ్బాయి ఐ–864 హామీపత్రం ఇవ్వాలి. అతని ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో ముగ్గురున్న కుటుంబానికి అది ఏడాదికి సుమారు 33,300 డాలర్లు. అంత లేకపోతే మరొకరు తోడు హామీ ఇవ్వవచ్చు.

ఖర్చు? 2024 ఏప్రిల్ నాటి రుసుముల ప్రకారం ఐ–130కి కాగితంపై 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. వీసాకు 325, హామీపత్రం పరిశీలనకు 120, చివర్లో గ్రీన్‌కార్డు తయారీకి 235. ఒక్క మనిషికి మొత్తం 1,300 డాలర్ల పైమాటే. వైద్యపరీక్ష, ప్రయాణాలు అదనం.

పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టును పాస్‌పోర్టు కార్యాలయం ఇస్తుంది. వైద్యపరీక్ష మనకు నచ్చిన డాక్టరు దగ్గర కుదరదు. కాన్సులేట్ గుర్తించినవారి దగ్గరే చేయించుకోవాలి.

ఒకప్పుడు మన జిల్లాల నుంచి వీసాకంటే మద్రాసు ప్రయాణమే. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, జెమిని ఫ్లైఓవర్ పక్కన వరసలో నిలబడడం ఒక తరానికి బాగా గుర్తు. 2008లో హైదరాబాద్‌లో కాన్సులేట్ ప్రారంభమై, 2009లో అక్కడి పైగా ప్యాలెస్‌లో వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారింది. హెచ్‌4కి హైదరాబాద్ చాలు. వలస వీసా ఇంటర్వ్యూకు మాత్రం ముంబయి వెళ్లాలి. అక్కడి బాంద్రా–కుర్లా కాంప్లెక్సులో ఇంటర్వ్యూ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఏదైనా కాగితం తక్కువైతే ‘221(జి)’ చీటీ చేతికొస్తుంది. అది ఆఖరి తిరస్కారం కాదు, అడిగింది పంపితే మళ్లీ చూస్తారు. ఆ సంగతి తెలియక ఆ చీటీతో ఏడుస్తూ బయటికొచ్చే అమ్మాయిలు ఉంటారు.

కడుపులో బిడ్డ ఉంటే...

ఎదురుచూపుల్లో ఏడాది గడిచేసరికి చాలామంది ఇళ్లలో శుభవార్త వింటారు. అక్కడి నుంచి లెక్కలన్నీ మారతాయి. వైద్యపరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. గర్భిణులు పొట్టకు రక్షణ కవచం పెట్టించుకుని తీయించుకోవచ్చు, లేదా ప్రసవం దాకా ఆగవచ్చు. ఆ నిర్ణయం ఆమెదే. ఆగితే మాత్రం పుట్టిన బిడ్డకూ పాస్‌పోర్టు, వీసా సంపాదించాలి.

బిడ్డ విషయంలో తండ్రి హోదా చాలా ముఖ్యం. తండ్రి గ్రీన్‌కార్డుదారు అయితే తల్లి దరఖాస్తుతోనే బిడ్డా వెళ్లవచ్చు. కానీ ఈలోగా తండ్రి పౌరసత్వం తీసుకుంటే? తల్లి క్యూ నుంచి బయటపడుతుంది, బిడ్డ మాత్రం ఆమె ఫైలులో ఇమడదు! బిడ్డకు వేరుగా ఐ–130 వేయాలి. ఇది తెలియక పౌరసత్వం వచ్చిందని స్వీట్లు పంచి, తర్వాత తలపట్టుకునేవాళ్లున్నారు. బిడ్డ పుట్టేనాటికే తండ్రి పౌరుడై, నిర్ణీత కాలం అమెరికాలో నివసించి ఉంటే బిడ్డ పుట్టుకతోనే అమెరికా పౌరుడు కావచ్చు. అప్పుడు వీసా కాదు, కాన్సులేట్‌లో జననం నమోదు చేయించి అమెరికా పాస్‌పోర్టే తీసుకోవాలి.

కాగితాల సంగతి అలా ఉంచితే, పసిబిడ్డకు నాన్నంటే ఫోనులో బొమ్మ. విమానాశ్రయంలో మొదటిసారి ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడుస్తుంది. అమ్మమ్మ, తాతయ్యల సంగతి ఇంకో రకం. ఏడాదిన్నర గుండెల మీద పెంచిన బిడ్డ ఒక్కరోజులో వెళ్లిపోతుంది. వీసా రావాలని మొక్కుకున్నదీ వాళ్లే, వచ్చాక వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేదీ వాళ్లే.

వెళ్లాక కథ కంచికేనా?

హెచ్‌4 మీద త్వరగా వెళ్లిన అమ్మాయికి ఎడబాటు తప్పుతుంది గానీ, ఇంకో కష్టం ఎదురవుతుంది. ఇక్కడ ఇంజినీరింగు చదివి ఉద్యోగం చేసిన పిల్ల, అక్కడ నాలుగు గోడల మధ్య కూర్చోవాలి. హెచ్‌4 భార్యల్లో కొందరికి పని అనుమతి 2015 మే 26 నుంచి దొరికింది. అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంతదూరం నడిచాకే. దాన్ని సవాలు చేసిన కేసును విచారించడానికి 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించడంతో ఆ అనుమతి నిలిచింది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్‌1బి, హెచ్‌4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలై, ఎంతోమంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి.

వలస వీసా మీద వెళ్లినవారికి ఆ బాధ లేదు. అడుగుపెట్టిన రోజు నుంచే పని చేసుకోవచ్చు. అయితే పౌరుడి భార్య వెళ్లేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఆమెకు ఇచ్చే కార్డు రెండేళ్లకే చెల్లుతుంది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో కాపురం సజావుగా ఉందని ఇద్దరూ కలిసి మళ్లీ దరఖాస్తు చేయాలి. అబ్బాయి వేధిస్తే? కాపురం నిలవకపోతే? అమ్మాయి ఒంటరిగానూ దరఖాస్తు చేసుకునే వీలు చట్టంలో ఉంది. ఈ ముక్క సారె సర్దే రోజున తల్లి కూతురి చెవిలో వేయాలి.

సంబంధం ఖాయం చేసే ముందు

* అబ్బాయిది హెచ్‌1బినా, గ్రీన్‌కార్డా, పౌరసత్వమా? మాటమీద కాదు, కాగితం చూసి తెలుసుకోండి.
* గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తుంటే అది ఏ దశలో ఉందో అడిగి, ముహూర్తం పెట్టుకోండి.
* అబ్బాయి తిరిగి వెళ్లకముందే పెళ్లి నమోదు చేయించండి.
* పాస్‌పోర్టు, జనన, వివాహ పత్రాల్లో పేరు, పుట్టినతేదీ ఒక్కలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి.
* వీసా చేతికి రాకముందే ఉద్యోగం మానేయడం, తిరిగిరాని టికెట్ కొనడం వద్దు.
* నిబంధనలు తరచూ మారుతుంటాయి. ఏజెంటు మాట కంటే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ నయం.

మన పెద్దలు సంబంధం చూసేటప్పుడు నక్షత్రం అడుగుతారు, గోత్రం అడుగుతారు, కుజదోషం ఉందేమోనని ఇద్దరు సిద్ధాంతులకు చూపిస్తారు. వాటి పక్కన ఈ ఒక్క ప్రశ్న కూడా చేర్చుకుంటే చాలు... ‘బాబూ, నీ కార్డు ఏమిటి, ఎప్పుడొచ్చింది?’ అడిగితే అబ్బాయి ఏమీ అనుకోడు. అడగకపోతే మాత్రం ఆ ఖాళీ అమ్మాయి బతుకులో ఏళ్లుగా మిగులుతుంది. అప్పుడు కొండపల్లి పల్లకి కొలువులోనే ఉంటుంది. ఎక్కాల్సిన ఇద్దరూ చెరో ఖండంలో ఉంటారు.